ఇంటర్న్‌ను తీసుకుంటే యజమానికి గిట్టుబాటు ఎప్పుడు?

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి భాగమయ్యాక, చిన్న పట్టణాల ఆడిట్ కార్యాలయాలకు ఏటా ఒక ప్రశ్న ఎదురవుతోంది: బీకాం విద్యార్థిని తీసుకుంటే తమకు కలిసొచ్చేదేమిటి? చాలామంది స్టైపెండ్‌ను చూసి లెక్క వేస్తారు. నా దృష్టిలో అంతకంటే ఎన్నో రెట్లు ఖరీదైనది, పక్కన కూర్చుని పని నేర్పే సీనియర్ సమయం.

ఆ కార్యాలయాల్లో నెల గడిచే తీరు చూడండి. నెలవారీ రిటర్నులు వేసే వ్యాపారుల అమ్మకాల వివరాలు 11వ తేదీలోగా జీఎస్‌టీఆర్-1 అనే రిటర్నులో చేరాలి. సరఫరాదారులు చూపించిన బిల్లుల జాబితా, అంటే జీఎస్‌టీఆర్-2బీ, 14న వస్తుంది. అందులోని కొనుగోళ్లను టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించిన బిల్లులతో సరిచూసుకుని, 20లోగా నెల మొత్తం పన్ను లెక్క చూపే జీఎస్‌టీఆర్-3బీ వేయాలి. మొదటి నెలలో విద్యార్థి ఎక్కించిన తప్పులను సీనియరే దిద్దాలి, అదీ గడువు తరుముకొస్తున్న వేళ. రెండో నెలలో, సరఫరాదారు చూపించని బిల్లేదో, జీఎస్‌టీ నంబరు తప్పుపడ్డదేదో ఆ విద్యార్థి తనంతట తాను పట్టుకోవడం మొదలుపెడతాడు. పది నెలల్లో భాగంగా రెండో ఏడాది తరువాత ఉండే రెండు నెలల ఇంటర్న్‌షిప్ సరిగ్గా అక్కడే ముగుస్తుంది. నేర్పిన శ్రమంతా యజమానికి నష్టమే.

మూడో నెల నుంచి లెక్క మారుతుంది. నేర్పడానికి పట్టే సమయం తగ్గి, సీనియర్ చేతి మీది పని కొంత తగ్గుతుంది. అంతకంటే విలువైన లాభం మరొకటుంది: తెలియనిది అడిగే గుణం, ఖాతాదారుల వివరాలు బయటికి పొక్కనివ్వని నమ్మకం అరగంట ఇంటర్వ్యూలో బయటపడవు, కలిసి పనిచేస్తేనే తెలుస్తాయి. చార్టర్డ్ అకౌంటెన్సీలో ఆర్టికల్‌షిప్‌ను, అంటే సీఏ దగ్గర పనిచేస్తూ నేర్చుకునే శిక్షణను, 2023లో మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించినా, అంతకంటే కుదించలేదన్నది గమనించాలి.

విద్యార్థిని జిరాక్సులకూ బ్యాంకు పనులకూ తిప్పి, మనిషి చవకగా దొరికాడనుకునే యజమానుల తీరు నాకు బాధ కలిగిస్తుంది. విద్యార్థి పని నేర్చుకోకపోయినా సర్టిఫికెట్ మీద యజమానితో సంతకం చేయించుకునే కళాశాలలకూ ఇందులో వాటా ఉంది.

మూడో నెల నుంచి వచ్చే ఆ లాభం దక్కాలంటే యజమానులు, రెండో ఏడాది తరువాత రెండు నెలలు వచ్చిన విద్యార్థినే, మూడో ఏడాది సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కూ అదే కార్యాలయానికి పంపేలా కళాశాలలతో ముందే మాట్లాడుకోవాలి. చేరే రోజు ఒకటో తేదీ కాకుండా 21 అయితే మరీ మంచిది: అప్పటికి రిటర్నుల ఒత్తిడి తీరి ఉంటుంది, అంతకుముందు రోజే వేసిన రిటర్నులను ముందు పెట్టుకుని నేర్పడానికి సీనియర్‌కు పది రోజుల తీరిక దొరుకుతుంది.