తాళం వెనుక ప్రాణం

మా ఇంటి దగ్గరి షాపింగ్ మాల్‌లో ఎస్కలేటర్ పక్కన, లయ తప్పి ఆగిపోయిన గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రాన్ని అద్దాల పెట్టెలో పెట్టారు గాని, ఆ పెట్టెకు ఇత్తడి తాళం వేలాడదీశారు. తాళంచెవి సూపర్‌వైజర్‌గారి దగ్గర ఉందని, ఆయన భోజనం ముగించుకుని మూడింటికి వస్తారని సెక్యూరిటీ అతను తాపీగా చెప్పాడు. ఛాతీని నొక్కే సీపీఆర్ కూడా అందనప్పుడు, షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంటే, మూడింటి దాకా ఆగమని ఆగిపోయిన గుండెకు ఎవరు చెప్పాలి? ఏం చేయాలో యంత్రమే గొంతెత్తి చెబుతుంది, అవసరం లేకపోతే షాక్ ఇవ్వనే ఇవ్వదు. అయినా "జనం పాడుచేస్తారండీ" అన్నదే వీరి బెంగ. అద్దంలోంచి చూస్తే, షాక్ కోసం ఛాతీకి అతికించే ప్యాడ్ల కవరు మీది గడువు నిరుడే ముగిసింది.