వేర్‌కీ హ్యావింగ్‌కీ తేడా లేదంట, ఇంకేం కావాలి!

"ఇంటర్వ్యూలో అడిగే ఎస్‌క్యూఎల్ కౌంట్ సీక్రెట్స్" అని ఐదు పాయింట్ల మెసేజ్ ఒకటి తిరుగుతోంది కదా, కాలేజీ గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, ఆఖరికి మా బావమరిది కూడా "బావా చూడు, సూపర్" అని పంపాడు. ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేస్‌ని డేటా అడిగే భాష, అలా అడిగేదే క్వెరీ, అందులో కౌంట్ అనేది రోలని, అంటే టేబుల్లో వరసల్ని, లెక్కపెడుతుంది. పంపినోళ్ళలో ఒక్కళ్ళైనా ఆ క్వెరీలు రన్ చేసి చూశారా అంటే డౌటే.

కౌంట్(1) అనేది కౌంట్(*) కంటే ఫాస్ట్ అంట. ఇన్నోడీబీలో (మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో డేటాని దాచే ఇంజిన్) రెండిటికీ తేడా లేదని మైఎస్‌క్యూఎల్ మాన్యువల్లోనే ఉంది. నెక్స్ట్.

కౌంట్ తొందరగా రావాలంటే చివర్లో ఆర్డర్ బై డేట్ (తేదీ వారీగా సార్ట్ చెయ్యి అని) పెట్టాలంట. గ్రూప్ బై (రోలని గ్రూపులుగా విడగొట్టేది) లేకపోతే వచ్చేదే ఒక్క రో, దాన్ని దేనితో సార్ట్ చేస్తారు సామీ? పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లైతే ఎర్రర్ కొట్టి మొహం మీదే చెప్పేస్తాయి.

లిమిట్ 10 పెడితే పది రోలే లెక్కపెడుతుందంట. లిమిట్ వంతు వచ్చేది లెక్క అయిపోయాక, లక్ష రోలుంటే లక్షే చూపిస్తుంది. పేజినేషన్ క్వెరీని (పేజీకి ఇన్ని రోలు అని చూపించేదాన్ని) కాపీ కొట్టి కౌంట్ తగిలించేవాళ్ళకి ఇంకో బోనస్, ఆఫ్‌సెట్ 10 (మొదటి పది రోలు వదిలెయ్యి అని) అందులో ఉండిపోతే ఉన్న ఆ ఒక్క రోని కూడా దాటేసి ఖాళీ చేతులు చూపిస్తుంది, మొదటి పేజీ బానే ఉంటుంది, రెండో పేజీలో టోటల్ మాయం. పది దగ్గర ఆగాలంటే లిమిట్‌ని సబ్‌క్వెరీలో (లోపల రాసే ఇంకో క్వెరీలో) పెట్టి బయట కౌంట్ చెయ్యాలి.

ఇవన్నీ పోనీలే అనుకోవచ్చు. ఒళ్ళు మండేది నాలుగోది: "వేర్, హ్యావింగ్ రెండూ ఫిల్టరే, గ్రూప్ బై ఉంటే హ్యావింగ్ వాడండి, కౌంట్ మారదు." మారదా? రవి అనే కస్టమర్‌కి నాలుగు ఆర్డర్లున్నాయి అనుకోండి, 200, 300, 700, 900. కస్టమర్ వారీగా 500 దాటిన ఆర్డర్లు ఎన్ని అంటే, వేర్ అమౌంట్ > 500 పెడితే రవికి 2 వస్తుంది. ఈ మహానుభావుడి మాట విని అదే కండిషన్ హ్యావింగ్‌లోకి తోస్తే పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోదు, ఆ కాలమ్ గ్రూప్ బైలో అయినా ఉండాలి అగ్రిగేట్‌లో (కౌంట్, మ్యాక్స్ లాంటి లెక్కలో) అయినా ఉండాలి అంటుంది. మనోళ్ళు అక్కడ ఆగుతారా, ఎర్రర్ పోవాలని మ్యాక్స్(అమౌంట్) > 500 అని చుట్టేస్తారు. ఎర్రర్ పోయింది, రవికి 4 వచ్చింది! మిన్ పెట్టి చూడండి, రవే లిస్టులో ఉండడు. ఒకే రవి, మూడు జవాబులు, ఎర్రర్ మాత్రం ఎక్కడా లేదు, ఆ నంబర్ నేరుగా మేనేజర్ ఎక్సెల్‌లోకి పోతుంది. వేర్ లెక్కకి ముందే రోలని ఏరేస్తుంది, హ్యావింగ్ లెక్కయ్యాక గ్రూపుకి గ్రూపునే ఉంచడమో తీసెయ్యడమో చేస్తుంది. గ్రూప్ చేసిన కాలమ్ మీదే కండిషన్ అయితే, అంటే కస్టమర్ = 'రవి' లాంటిదైతే, రెండూ ఒకటే చెప్తాయి నిజమే, బహుశా ఆ ఒక్క కేసు చూసి సీక్రెట్ కనిపెట్టేశాడు.

అన్నట్టు ఐదోది, గ్రూప్ బై పెడితే సార్టింగ్ దానంతటదే వస్తుందన్నది, గాల్లోంచి పుట్టింది కాదు. మైఎస్‌క్యూఎల్ 5.7 దాకా నిజంగానే అలా వచ్చేది, మాన్యువల్లోనూ ఉండేది, ఈ ముక్క మటుకు చూసే రాసుంటాడు. 2018లో వచ్చిన 8.0లో తీసేశారు. ఆ వరసని నమ్ముకుని రాసిన పాత రిపోర్టులు మీ దగ్గరుంటే అప్‌గ్రేడ్ అయ్యాక ఎర్రర్ ఏమీ రాదు, వరస మాత్రం ఎలా పడితే అలా రావచ్చు, ముందే ఆర్డర్ బై ఒక లైన్ చేర్చి పెట్టుకోండి.