తరంగాల పహాణీలో అనుభవదారు కాలమ్ ఏది?

రాత్రి తొమ్మిదింటికి మా అపార్ట్‌మెంటులో ఫోను తీసి వై-ఫై జాబితా చూస్తే ముప్పై ఒక్క పేర్లు వచ్చాయి. కొన్ని ఫ్లాట్ నంబర్లు, కొన్ని పిల్లల పేర్లు, ఒకటి ‘పాస్‌వర్డ్ అడగవద్దు’. వీటిలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ అనే ఇరుకు సందులోనే తిరుగుతున్నాయి. ఆ సందులో ఒకదానికొకటి తగలకుండా పోగల చానళ్లు మూడే: 1, 6, 11. అయినా పై అంతస్తులో సినిమా నడుస్తూనే ఉంది, ఎదురింటావిడ డాలస్‌లో ఉన్న కూతురితో వీడియోలో మాట్లాడుతూనే ఉంది. ఎవరూ ఎవరికీ లైసెన్సు చూపలేదు, ఎవరూ వేలం పాడలేదు.

ప్రతి రూటరూ నోరు తెరిచే ముందు చెవి పెడుతుంది. గాలి ఖాళీగా ఉంటే పంపుతుంది. ఎవరైనా మాట్లాడుతుంటే ఆగుతుంది. వాళ్లు ముగించాక కూడా వెంటనే మీద పడదు. పాచిక వేసినట్టు ఒక అంకె ఎంచుకుని, అన్ని క్షణకాలాలు లెక్కపెట్టి అప్పుడు మొదలుపెడుతుంది. ఇద్దరికీ ఒకే అంకె పడితే ఢీకొంటారు. మళ్లీ పాచిక వేయాలి, ఈసారి ఇంకా పెద్ద పాచిక. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం దీవుల మధ్య ఒకే రేడియో చానల్‌ను పంచుకోవడానికి కట్టిన ‘అలోహా నెట్’లో వినడం కూడా లేదు. తోచినప్పుడు పంపడం, ఢీకొంటే మళ్లీ పంపడం, అంతే. ఆ పద్ధతిలో చానల్ సామర్థ్యంలో ఎంత చేసినా 18 శాతానికి మించి వాడుకోలేరు. కాలాన్ని గళ్లుగా కోసి, గడి మొదట్లోనే పంపాలని నియమం పెడితే అది 37 శాతం దాకా పోయింది. వినడం నేర్చుకున్నాక ఇంకా పెరిగింది. యాభై ఏళ్లుగా ఇంజనీర్లు చేస్తున్నది ఈ వంతుల లెక్కను పదును పెట్టడమే.

2.4 గిగాహెర్ట్జ్ ఒకప్పుడు ఎవరికీ అక్కర్లేని పట్టీ (బ్యాండ్) అన్న సంగతి కూడా మరవకూడదు. మైక్రోవేవ్ పొయ్యిలు చిందించే తరంగాలన్నీ అక్కడే ఉంటాయి. 1985లో అమెరికా దీన్ని లైసెన్సు లేని వాడకానికి వదిలేసింది. మన దేశం 2005లో వదిలింది. ఇవాళ మన ఇళ్లలో వై-ఫై ఆ చెత్తకుప్ప మీద మొలిచిందే.

ఇంత ఇరుకులో ఇంతమంది సర్దుకుంటుంటే పక్కన ఎకరాలకు ఎకరాలు బీడు పడి ఉన్నాయి. 2024 జూన్ స్పెక్ట్రమ్ (తరంగాల) వేలంలో కేంద్రం 10,522 మెగాహెర్ట్జ్ అమ్మకానికి పెట్టింది. అమ్ముడుపోయింది 141.4. నూటికి ఒకటిన్నర కూడా కాదు. మిగిలినదాంట్లో సింహభాగం గోడ దాటలేని 26 గిగాహెర్ట్జ్‌ది కదా అంటారు. సరే, గోడలు సులువుగా దాటే 700 మెగాహెర్ట్జ్ మాటేమిటి? తక్కువ టవర్లతో ఎక్కువ దూరం పోయే పట్టీ అది, ఊళ్లకు అంతకంటే పనికొచ్చేది లేదు. 2016లో మెగాహెర్ట్జ్‌కు 11,485 కోట్లు అడిగారు, ఒక్కరూ పాడలేదు. 2021లో 6,568 కోట్లకు దించారు, అప్పుడూ అంతే. చివరికి 2022లో ధర 3,927 కోట్లకు పడిపోయాక జియో ఒక్కటే దేశంలోని 22 టెలికాం సర్కిళ్లలోనూ 10 మెగాహెర్ట్జ్ చొప్పున తీసుకుంది. మొదటి వేలానికీ ఈ వేలానికీ మధ్య ఆరేళ్లు గడిచాయి. చెరువులో నీరు ఈ పంటకు వదలకపోతే వచ్చే పంటకైనా మిగులుతుంది. తరంగం అలా కాదు, నిన్న రాత్రి వాడని తరంగాన్ని ఈ రోజు ఎవరూ వాడలేరు. ఆరేళ్ల పంట ఎండబెట్టి, మూడో వంతు ధరకు అమ్మి, దాన్ని విధానం అన్నారు.

నా అభ్యంతరం వేలం మీద కాదు, అమ్మే సరుకును అర్థం చేసుకున్న తీరు మీద. తరంగాన్ని మనం ప్లాటులా చూస్తున్నాం. హద్దురాళ్లు పాతి, ఇరవై ఏళ్లకు ఒకడి పేర రాసి, ఆ తర్వాత అక్కడ ఏం పండిందో చూడటం మానేశాం. రైతుకు తెలుసు, పహాణీలో (ఆంధ్రలో అడంగల్ అంటారు) పట్టాదారు పక్కనే అనుభవదారు అని ఇంకో గడి ఉండేది. పేరు ఒకరిది, సాగు ఒకరిది కావచ్చు. రికార్డు రెండూ చెప్పాలి. మన స్పెక్ట్రమ్ లెక్కల్లో ఉన్నది మొదటి గడి ఒక్కటే. ఫలానా సర్కిల్‌లో ఫలానా పట్టీ ఫలానా కంపెనీది, అంతవరకే. ఆ సర్కిల్‌లోని మారుమూల మండలంలో ఆ పట్టీ మీద ఒక్క టవరైనా మోగుతోందా అన్న ప్రశ్నకు గడి లేదు.

ఆ రెండో గడిని అమెరికా యంత్రంతో రాయించింది. 3550 నుంచి 3700 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీ వాళ్ల నౌకాదళ రాడార్లది. దాన్ని లాక్కోలేదు, అలాగని తాళమూ వేయలేదు. మూడు వరసలు పెట్టారు. ముందు నౌకాదళం, తర్వాత వేలంలో కొన్నవాళ్లు, ఆ తర్వాత పైసా కట్టకుండా వాడుకునే ఎవరైనా. తీరం వెంబడి సెన్సర్లు నిలబెట్టారు. యుద్ధనౌక రాడార్ వేయగానే ఆ సంగతి ఒక సాఫ్ట్‌వేర్‌కు చేరుతుంది, అది కింది వరసల టవర్లను నిమిషాల్లో పక్కకు జరుపుతుంది. నౌక వెళ్లిపోయాక తిరిగి రమ్మంటుంది. మన చెరువుల కింద తూము దగ్గర పార పట్టుకుని, ఎవరి మడికి ఎంతసేపు వదలాలో చూసే నీరటికాడు చేసింది ఇదే పని. (కొన్నిచోట్ల నీరుగంటి అంటారు.) ఆయన ఎవరి భూమినీ గుంజుకోలేదు, నీటిని మాత్రం ఎవరి గట్టు దగ్గరా ఊరికే నిలబడనివ్వలేదు. 2020 నుంచి ఈ ఏర్పాటు వ్యాపారపరంగా నడుస్తోంది. పల్లెల్లో ఇంటర్నెట్ ఇచ్చే చిన్న సంస్థలు, కర్మాగారాలు, విద్యాసంస్థలు మూడో వరసలో కూర్చుని పని చేసుకుంటున్నాయి. రక్షణ శాఖ పట్టీ అనగానే చేతులు కట్టుకుని నిలబడే మన అధికారులు, తూర్పు నౌకాదళం ఉన్న విశాఖలో కూర్చుని ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

టెలికాం కంపెనీలు ఊరుకోవు, వాళ్ల వాదనలో పస లేకపోలేదు. వేల కోట్లు పోసి కొన్నవాడికి అంతరాయం ఉండదన్న భరోసా కావాలి. ఒకే పట్టీలో ఒకరు డబ్బు కట్టి, ఇంకొకరు ఉచితంగా తిరిగితే పోటీ ఎక్కడ సమానం? 6 గిగాహెర్ట్జ్ విషయంలో వాళ్ల పట్టు ఇదే. అమెరికా 2020లోనే అక్కడ 1,200 మెగాహెర్ట్జ్ వై-ఫైకి తెరిచింది, మన కేంద్రం 2025 మేలో కింది 500 వరకే లైసెన్సు ఎత్తేస్తామని ముసాయిదా ఇచ్చింది. ఇక వేలం వద్దంటే మళ్లీ 2008 నాటి 2జీ కుంభకోణం కావాలా అనేవాళ్లూ ఉన్నారు. ఎవరికో కట్టబెట్టడం వేరు, అందరికీ తెరవడం వేరు. 122 లైసెన్సులు రద్దు చేసిన 2012లోనే, సహజ వనరులకు వేలం ఒక్కటే దారి కాదని అదే సుప్రీంకోర్టు రాష్ట్రపతి అడిగిన ప్రశ్నకు జవాబిచ్చింది. ఖజానా నష్టం అంటారా, అమెరికా మూడు వరసల పట్టీలో రెండో వరసను వేలం వేస్తే దాదాపు 458 కోట్ల డాలర్లు వచ్చాయి.

మన చట్టంలోనూ దారి ఉంది. ఒకరికిచ్చిన తరంగాన్ని రెండో వరస వాడకందారుకు కేటాయించవచ్చని, కారణం లేకుండా వాడకుండా ఉంచితే వెనక్కి తీసుకోవచ్చని 2023 టెలికాం చట్టం చెబుతోంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ధర్మాసనంలో విడిగా తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఒకప్పుడు మన హైకోర్టు న్యాయమూర్తే. ముప్పై ఏళ్లు దాటినా ఆ మాట ఉపన్యాసాల్లోనే ఉంది.

అసలు మన ప్రభుత్వాలకు, ఏ పార్టీవైనా సరే, అనుభవదారు అంటే ఎందుకో గిట్టదు. తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణిలో ఆ కాలమ్ ఎగరగొట్టి కౌలు రైతును కాగితం మీద లేకుండా చేశారు. ధరణి పోయి భూభారతి వచ్చింది, జరిగిన నష్టం ఎవరు పూడ్చారు? కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటిన రోజున పండగ చేసుకున్నాం. అమ్మితే ఎంత అన్నదే లెక్క, వాడితే ఎంత అన్నది లెక్కే కాదు. బంచరాయి భూమిలో పశువులు మేసినంత కాలం అది ‘ఖాళీ స్థలం’, కంచె వేసి అమ్మితేనే ‘ఆస్తి’. తరంగాల మీదా అదే చూపు పడింది.

పని ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడం కష్టమేమీ కాదు. ఒకప్పుడు డాబా మీద అల్యూమినియం యాంటెనా తిప్పుతూ ‘వచ్చిందా?’ అని కిందికి కేక వేసిన తరానికి దూరదర్శన్ టవర్లు గుర్తుంటాయి. ఇప్పుడు వాటిలో చాలావరకు మూతపడ్డాయి. అవి నడుస్తున్న రోజుల్లోనే బొంబాయి ఐఐటీ పరిశోధకులు లెక్క తీస్తే, 470 నుంచి 590 మెగాహెర్ట్జ్ మధ్య ఉన్న 15 టీవీ చానళ్లలో దేశంలో దాదాపు ప్రతిచోటా కనీసం 12 ఖాళీగా తేలాయి. మహారాష్ట్రలోని పాల్ఘర్ పల్లెలకు ఆ ఖాళీల్లోంచే ఇంటర్నెట్ పంపి చూపించారు కూడా. కేంద్రం ముందుగా ఈ టీవీ పట్టీకి మండలాలవారీగా పహాణీ రాయించాలి. పట్టాదారు గడిలో ప్రసార భారతి పేరే ఉండనివ్వండి. పక్క గడి ఎన్ని మండలాల్లో ఖాళీగా ఉందో అచ్చువేసి బయటపెడితే, ఎవరికి ఏ వంతు అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.