వరస కలిస్తే చాలు

నీతి దేశాన్ని బట్టి, కులాచారాన్ని బట్టి మారుతుందన్న వాదాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే అది మా ఇంటి సంగతులకు మాత్రమే వర్తించాలని సవినయంగా మనవి చేస్తున్నాను.

మా తాతయ్య సొంత అక్క కూతురిని చేసుకున్నాడు. మా నాన్న మేనమామ కూతురిని చేసుకున్నాడు. ఆఫీసులో భోజనాల వేళ ఈ మాట చెప్పగానే, హర్యానా నుంచి వచ్చిన సహోద్యోగి తుంచిన రొట్టె ముక్కను మళ్ళీ డబ్బాలో పెట్టేసి, చాలాసేపు పప్పు వంకే చూస్తూ కూర్చున్నాడు. వాళ్ళలో తండ్రి గోత్రంలోనే కాదు, తల్లి గోత్రంలో కూడా సంబంధం కలుపుకోరు. పరుల ఆచారాన్ని గౌరవించలేని ఆ సంకుచితత్వానికి నేను జాలిపడ్డాను.

ఆ జాలి సాయంత్రం దాకా నిలవలేదు. మా వీధి చివరి ముస్లిం కుటుంబం వారు, తమ అబ్బాయికి చిన్నాన్న కూతురితో నిఖా అని శుభలేఖ ఇచ్చి వెళ్ళారు. మా అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేమిటి వదినా?" అంది. బావను చేసుకున్న మా అమ్మ బుగ్గలు నొక్కుకుంది. రక్తంలో వాటాలు లెక్కవేస్తే మేనత్త కూతురికీ చిన్నాన్న కూతురికీ తేడా లేదని, రెండుచోట్లా ఎనిమిదో వంతేనని, తాతయ్య ఘనకార్యంలో అది ఏకంగా నాలుగో వంతని నేను చెప్పబోయాను. "వరస కలవద్దుట్రా!" అంది అత్తయ్య. జన్యుశాస్త్రం అక్కడితో ముగిసింది.

ఈ చిక్కు కొత్తది కాదు. ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథమైన బౌధాయన ధర్మసూత్రం దక్షిణాదివారికి ప్రత్యేకమైన అయిదు అలవాట్లను పేర్కొంది: ఉపనయనం కానివారితో కలిసి తినడం, భార్యతో కలిసి తినడం, చద్దన్నం తినడం, మేనమామ కూతురిని పెళ్ళాడటం, మేనత్త కూతురిని పెళ్ళాడటం. ఉత్తరాదివారికీ ఉన్ని అమ్మకం, మద్యపానం, సముద్రయానం వంటివి అయిదు అంటగట్టింది. ఎవరి అలవాటు వారి చోట దోషం కాదని, ఒకరిది మరొకరు చేస్తేనే దోషమని, ఇందులో దేశమే ప్రమాణమని చెప్పి, అది అబద్ధమని మరో ధర్మశాస్త్రకర్త గౌతముడు అన్నాడని కూడా చెప్పి, శిష్టుల సంప్రదాయానికి విరుద్ధం కనుక రెండింటినీ ఆదరించవద్దని తేల్చింది. ఆ వెంటనే ఆర్యావర్తపు, అంటే ఉత్తరాది ఆర్యభూమి, ఆచారమే ప్రమాణమంది. వింధ్యకు ఈవల పుట్టిన మనకు ఆ సంఘంలో సభ్యత్వం లేదన్నమాట. పెళ్ళిళ్ళ సంగతి ఎలా ఉన్నా, ఆవకాయతో చద్దన్నం ఎరగని వారి తీర్పును శిరసావహించడం నా వల్ల కాదు.

మన శాసనకర్తలు ఇంకా తెలివైనవారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం మేనమామకు అక్క కూతురు నిషిద్ధ బాంధవ్యమే. ఇద్దరి ఆచారమూ ఒప్పుకుంటే పెళ్ళి, ఒప్పుకోకపోతే నెల రోజుల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అమెరికాలో దీన్ని రాష్ట్రాలకు పంచిపెట్టారు. 2005లో టెక్సాస్ నిషేధించిన మరదలు కాలిఫోర్నియాలో నిక్షేపంగా భార్య కావచ్చు. ఆ పాపం ఏ మైలురాయి దగ్గర కారు దిగిపోతుందో డాలస్‌లో ఉన్న మా పిన్ని కొడుకును కనుక్కోమన్నాను.

నిఖాకు అందరం వెళ్ళాం. సాంస్కృతిక వైవిధ్యాన్ని గుర్తించిన అత్తయ్య బిర్యానీ రెండుసార్లు వడ్డించుకుంది. పెళ్ళికూతురిని మాత్రం ఈనాటికీ "ఆ అబ్బాయి చెల్లెలు" అనే అంటోంది.