రేల, పారిజాతం పెరటికి పనికిరావన్న ప్రచారంలో నిజమెంత?

రేల, పారిజాతం, పొగడ వంటి మన నేల చెట్లు ఇంటి ఆవరణకు తగవనీ, వాటి వేర్లు పునాదులను పగలగొడతాయనీ, పూల వాసనకు పాములు వస్తాయనీ, ఆకులకు పురుగు పడుతుందనీ, పూత కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాలనీ, వాటి బదులు కోనోకార్పస్ అనే విదేశీ చెట్టును నాటుకోవాలనీ చెప్పే సందేశం వాట్సాప్‌లో విరివిగా తిరుగుతోంది. ఇది మొక్క నాటాలనుకున్నవారిని అనవసరంగా భయపెడుతోంది.

మొదట వేర్ల సంగతి చూద్దాం. మర్రి, రావి విషయంలో ఆ భయం నిజమే. పిట్టలు జారవిడిచిన వాటి గింజలు గోడ పగుళ్లలోనే మొలిచి కట్టడాన్ని చీలుస్తాయి. ఆ దోషాన్ని పెద్ద పొదలా పెరిగే పారిజాతానికి అంటగట్టడం మాత్రం అన్యాయం. గోడకు పది అడుగుల దూరంలో పారిజాతాన్ని, పదిహేను ఇరవై అడుగుల దూరంలో రేలను, పొగడను నిశ్చింతగా నాటుకోవచ్చు. తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే నల్లరేగడి నేలల్లో ఇంకొంత దూరం పాటించాలి. సందేశం సిఫారసు చేసిన కోనోకార్పస్‌నే గుజరాత్ అటవీశాఖ 2023లో నాటకూడదని నిషేధించింది. నేలలోని పైపులకు, కేబుళ్లకు దాని వేర్లు చేసే నష్టం కూడా అందుకు చూపిన కారణాల్లో ఒకటి.

పాములు పూల వాసనకు రావు. ఎలుకలు, కప్పలు, దాగడానికి రాళ్లకుప్పలు ఉన్నచోటికి వస్తాయి.

పురుగు మాట నిజమే కానీ, అది తెగులు కాదు. రేల లేతాకుపై, ఆకు రంగులోనే కలిసిపోయి కనిపించే సన్నని పచ్చ గొంగళిపురుగులు కొన్ని రోజులకు లేత పసుపు సీతాకోకచిలుకలవుతాయి. అవి తినేసిన కొమ్మ మళ్లీ చిగురిస్తుంది కనుక మందు కొట్టవలసిన పని లేదు. ఆ మందు చల్లితే పూలకు వచ్చే తేనెటీగలే ముందు చస్తాయి. పెరట్లో సీతాకోకచిలుకలు కావాలనుకునేవారు ఆ నాలుగు ఆకులను వదులుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఇక పూత. పొగడ నెమ్మదిగా ఎదుగుతుందన్నది ఒప్పుకోవలసిందే. పారిజాతం సాధారణంగా రెండు మూడేళ్లలోనే పూస్తుంది. రేలను విత్తనం నుంచి పెంచేవారు నిరాశపడడానికి తరచూ గింజ పెంకే కారణం: మూరెడు నల్లటి కాయను పగలగొడితే, అడ్డుపొరల మధ్య జిగురు గుజ్జులో ఒక్కో అరలో ఒక్కో గింజ దొరుకుతుంది, నీరు చొరనంత గట్టి ఆ పెంకును గరుకు రాతిపై కొద్దిగా అరగదీసి, ఒక రాత్రి నానబెట్టి నాటితే మొలక సులభంగా వస్తుంది.