మా వాడి మెడలో అర్జీ

ఇంగ్లండులో పిల్లల్ని ప్రైమరీ స్కూలుకి పంపేవాళ్లకి ట్యూడర్ డే సంగతి తెలిసే ఉంటుంది. ఆ రోజు పిల్లలు పదహారో శతాబ్దపు వేషాల్లో వెళ్లాలి. ఆడపిల్లలంతా ఎలిజబెత్ రాణులు, మగపిల్లలంతా ఎనిమిదో హెన్రీలు. స్కూలు మెయిల్ మా ఆయనకి ఎప్పుడో వచ్చిందట. నాకు చెప్పింది మాత్రం ముందురోజు రాత్రి, నేను గిన్నెలు కడుగుతున్నప్పుడు. అప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో హెన్రీ ఎక్కడ దొరుకుతాడు?

"హెన్రీ ఎందుకూ, అందరూ అదే వేస్తారు. మనవాణ్ని రిచర్డ్ మిల్‌వర్డ్‌గా పంపిద్దాం" అన్నారు. మా ఆయన ఉద్యోగం సాఫ్ట్‌వేర్, వ్యాధి మాత్రం ఇంగ్లిషు న్యాయచరిత్ర.

ఈ రిచర్డ్ ఎవరంటే, 1590ల్లో లండన్ చాన్సరీ కోర్టులో (ఆస్తి తగువుల్లాంటివి వినే పెద్ద కోర్టు అది) మిల్‌వర్డ్, వెల్డన్ అనేవాళ్ల మధ్య ఒక దావా నడిచింది. రిచర్డ్ వాది కొడుకు. తండ్రి తరఫున ప్రతిజవాబు తనే రాశాడు. 16 కాగితాల్లో సరిపోయే విషయాన్ని 120 కాగితాలు చేశాడు. కోర్టుకి ఒళ్లు మండింది. ఫ్లీట్ జైలు వార్డెన్‌కి ఉత్తర్వు వెళ్లింది: శనివారం పొద్దున పది గంటలకి ఇతన్ని వెస్ట్‌మినిస్టర్ హాలుకి తీసుకురండి, ఆ 120 కాగితాల మధ్యలో కన్నం కోసి అందులోంచి ఇతని తల దూర్చండి, రాత ఉన్నవైపు బయటికి కనపడేలా భుజాల మీద వేలాడదీయండి, నెత్తిన టోపీ లేకుండా, ముఖం దాచుకోకుండా హాలంతా తిప్పి, అక్కడి మూడు కోర్టుల ముందూ నిలబెట్టి చూపించండి. తర్వాత మళ్లీ జైలుకి. రాణిగారికి 10 పౌండ్ల జరిమానా, ప్రతివాదికి ఖర్చుల కింద 20 నోబుళ్లు, అంటే 6 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు కట్టేదాకా వదలొద్దు.

"కాగితం, కత్తెర. ఖర్చు సున్నా" అన్నారు మా ఆయన. నేను ఒప్పుకున్నది ఆ చివరి మాటకే.

గది గోడలకి అంటించగా మిగిలిన వాల్‌పేపర్ చుట్ట ఒకటి అటక మీద ఉంది. పాతబడినట్టు కనపడాలని దానికి టీ డికాషన్ పూసి హేర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాను. నేను ఆరబెడుతున్నంతసేపూ ఆయన ఉపన్యాసం. చాన్సరీలో ఏదైనా అర్జీతోనే మొదలట. దానికి జవాబు, జవాబుకి ప్రతిజవాబు, దానికి మళ్లీ ప్రత్యుత్తరం. తర్వాత సాక్షులకి ప్రశ్నలు, వాటి జవాబులు, అన్నీ రాతమూలకంగానే. అవతలివాళ్లు ఏం రాశారో తెలియాలంటే నకలు కొనుక్కోవాలి. సిక్స్ క్లర్క్స్ అని ఆరుగురు అధికారులుండేవారు. వాళ్ల ఆఫీసు నకలుకి కాగితాల లెక్కన డబ్బు తీసుకునేది. ఇక చూస్కో, ఈ చివర మార్జిన్, ఆ చివర మార్జిన్, మధ్యలో నాలుగు మాటలు.

"మరి అంత ఆఫీసుని వదిలేసి ఆ కుర్రాణ్ని తిప్పడమేంటి?" అన్నాను. ఈ ప్రశ్నకి సంతోషం పట్టలేక ఆయన ఇంకో అరగంట చెప్పారు. బెర్క్‌లీ వంశంలో 1417లో ఒక పెద్దాయన పోతే మొదలైన ఆస్తి తగువు 1609 దాకా సాగిందట. మధ్యలో 1470లో విసుగెత్తి నిబ్లీ గ్రీన్ దగ్గర సైన్యాలతో కొట్టుకున్నారట, అయినా కోర్టు కేసు కేసే. ఫ్రాన్సిస్ బేకన్ 1617లో లార్డ్ కీపరై, అంటే చాన్సరీకి పెద్దై, వచ్చిన కొద్ది నెలల్లోనే పెండింగు కేసులన్నీ వినేశాడట. అబ్బా ఒక్కడైనా దొరికాడనుకునేలోపు, 1621లో లంచాల కేసులో ఆయనకే 40,000 పౌండ్ల జరిమానా పడిందట. 1653లో పార్లమెంటులో ఎవరో లేచి, 23,000 కేసులు మూలుగుతున్నాయి, కొన్నింటికి ముప్పయ్యేళ్లు అన్నారట. చాన్సరీని రద్దు చేయాలని ఓటు కూడా వేశారట. ఆ డిసెంబరుకి పార్లమెంటే రద్దయింది. చాన్సరీ ఇంకో రెండొందల ఏళ్లకి పైగా నడిచింది.

నేను వెళ్లి పడుకున్నాను. రాత పని ఆయనకి వదిలేశాను. ఏదో పాతకాలపు గిలుకుడు గిలుకుతారులే అనుకున్నాను.

పొద్దున ఆయనకి మీటింగ్ ఉంది. ఎప్పుడూ ఉంటుంది.

స్కూలు గేటు దగ్గర హెడ్‌టీచర్ గారు నిలబడి ఒక్కొక్క హెన్రీకీ గుడ్ మార్నింగ్ చెబుతున్నారు. మావాడి వంతొచ్చింది. మెడలోంచి ముందుకీ వెనక్కీ మోకాళ్ల దాకా వాల్‌పేపరు, చుట్టూ టీ వాసన. "నువ్వెవరు నాన్నా?" అని అడిగారావిడ. నాన్న నేర్పిన పాఠం గడగడా అప్పజెప్పేశాడు: "నేను రిచర్డ్‌ని. ఎక్కువ రాశాను. నన్ను మూడు కోర్టుల్లో చూపించాలి."

ఆవిడ ముచ్చటపడి, మెళ్లో వేలాడుతున్న కళ్లజోడు పెట్టుకుని, వంగి చదవడం మొదలుపెట్టారు. పైకే. మా ఆయన రాసింది ఇంగ్లిషులో. మన పాత అర్జీల భాషలో అయితే ఇలా ఉంటుంది: "మహా ఘనత వహించిన హెడ్‌టీచర్ గారి దివ్య సముఖమునకు, తమ దీన ప్రార్థి మిక్కిలి వినయముతో వ్రాసికొన్న అర్జీ యేమనగా, ప్రార్థి కుమారుని నీలిరంగు జంపర్ ఒకటి, లోపల పేరు కుట్టి ఉన్నది, తమ పాఠశాల కోటు గదిలో అదృశ్యమై..."

నా గుండె ఆగింది. జంపర్, అంటే స్కూలు స్వెట్టర్, పోయిన మాట నిజమే. ఆఫీసుకి మా ఆయన మెయిల్ మీద మెయిల్ పెట్టిన మాటా నిజమే. మీ సందేశం అందింది, త్వరలో స్పందిస్తాం అని కంప్యూటరు ఇచ్చే జవాబు తప్ప టర్మ్ అంతా ఇంకేమీ రాని మాట మరీ నిజం. కానీ దాన్ని పిల్లాడి పొట్ట మీద దాఖలు చేస్తారని నేనెలా ఊహిస్తాను?

ఆపుదామంటే ఎలా? హెడ్‌టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టలేను. ఆవిడ చదువుతూ చదువుతూ పొట్ట దాటి కుడి చంక దగ్గరికొచ్చారు. మా ఆయన లైన్లని ఒంటి చుట్టూ తిప్పి రాశారు. మిగతాది చదవాలంటే చుట్టూ తిరగాలి. ఆవిడ ఒక అడుగు పక్కకి వేశారు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే వాళ్ల మొహం చూడాలని మావాడికి ఆ స్కూల్లోనే నేర్పారు కాబట్టి, వాడూ మర్యాదగా ఆవిడ వైపు తిరిగాడు. మళ్లీ జంపర్ కోటు గదికే వచ్చింది. ఆవిడ ఇంకో అడుగు. వీడు ఇంకో పావు చుట్టు. ప్రదక్షిణం జరుగుతోంది గానీ కేసు మాత్రం చంక దాటి ముందుకి పోవడంలేదు. వెనక హెన్రీల క్యూ రోడ్డు దాకా పెరిగింది. ఒక ఎలిజబెత్ తల్లి ఫోన్ తీసింది. రోడ్డు దాటించే ఆవిడ ఆపిన కార్ల సంగతి మర్చిపోయి మావైపే చూస్తోంది.

"బాబూ, కదలకు" అన్నారు చివరికి హెడ్‌టీచర్ గారు. వీపు వైపుకి వెళ్లారు. అక్కడేముందో నాకు కనపడలేదు, ఆవిడా పైకి చదవలేదు. ఆవిడ చెవులు ఎర్రబడటం మాత్రం కనపడింది. వాణ్ని మెల్లగా తిప్పి చూద్దును కదా, వీపు మీద పెద్దక్షరాలు: "ఆఫీసువారు నకలు కోరినచో కాగితానికి ఒక పెన్నీ."

ఆవిడ కళ్లజోడు తీసి, చాలా మర్యాదగా, ఈ విషయం ఒకసారి ఆఫీసుకి మెయిల్ పెట్టమన్నారు. మావాడు మాత్రం ఆవిడ చెయ్యి పట్టుకుని, మూడు కోర్టులూ ఎటువైపని అడుగుతున్నాడు.

సాయంత్రం జరిగిందంతా చెబితే, మా ఆయన సిగ్గుపడతారనుకున్నాను. "అయితే జవాబు దాఖలు చేస్తామన్నట్టేగా! ఎన్నాళ్లు టైమడిగారు? మనం ప్రతిజవాబు రెడీ చేసుకోవాలి" అంటూ అటక నిచ్చెన లాగారు. ఆయన పైకెక్కి వెతుకుతూనే ఉన్నారు. ఆ చుట్టని నేను మధ్యాహ్నమే పక్కింటివాళ్ల బిన్‌లో పడేశాను. మన బిన్‌లో వేస్తే తీసుకొచ్చేస్తారు.