ఆ ట్యాబ్ అతని చేతికి ఎలా వెళ్లింది?

చెల్లిని ఏడో నెల చెకప్‌కి తీసుకెళ్లి ఇప్పుడే వచ్చాను. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది.

వెయిటింగ్ హాల్లో గర్భిణులందరికీ ట్యాబ్‌లు ఇస్తున్నారు. బీపీ, షుగర్, పాత కాన్పులు, వాటి మధ్యలో ఒక ప్రశ్న: 'మీ భర్త గానీ భాగస్వామి గానీ మీ మీద చెయ్యి చేసుకున్నారా?' అది చూసి ఎంత సంతోషపడ్డానో! ఇన్నేళ్లకైనా అడుగుతున్నారు అనుకున్నాను. పక్క కుర్చీలో ఉన్నామె సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. వేలు కదల్లేదు. 'ఎంతసేపు, ఇలా తే' అంటూ భర్త ట్యాబ్ లాక్కున్నాడు. తనే 'లేదు' నొక్కాడు. మిగతావీ టకటకా నింపి కౌంటర్లో ఇచ్చేశాడు. వాళ్లు 'థాంక్యూ సార్' అన్నారు.

అతను ఆమెని కొడతాడో లేదో నాకు తెలీదు. ఆసుపత్రికీ తెలీదు. కానీ రికార్డులో మాత్రం 'హింస లేదు' అని పడిపోయింది. రేపు ఏ డాక్టరైనా అది చూసి, ఆల్రెడీ అడిగేశారు కదా అని మళ్లీ అడగరు. అసలు అడక్కపోయి ఉంటే ఆ గడి ఖాళీగానైనా ఉండేది!

ట్యాబ్‌లు వద్దని నేననను. మనిషి మొహం చూసి చెప్పలేని మాటని స్క్రీన్ మీద నొక్కగలిగే ఆడవాళ్లు ఎంతమందో. కానీ అడిగితే ఆమె ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి, అవునంటే ఏం చెయ్యాలో తెలిసిన మనిషి అక్కడ ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నుంచీ చెబుతున్నది ఇదే. అదే సంస్థ 2016లో గర్భిణికి కనీసం 8 సార్లు చెకప్ జరగాలంది. ఎనిమిదింట్లో ఒక్కసారి, ఒక్క అయిదు నిమిషాలు, ఆమెని ఒక్కదాన్నీ లోపలికి పిలవలేరా? యూరిన్ శాంపిల్ ఇవ్వడానికి ఒక్కతే వెళ్తుందిగా! భర్తని బయట కూర్చోమనడానికి ఎందుకంత మొహమాటం?

ఇది చిన్న విషయం కాదండీ. గర్భంతో ఉన్నప్పుడు దెబ్బలు తింటే నెలలు నిండకుండా కాన్పు కావచ్చు, బిడ్డ బరువు తగ్గొచ్చు, కడుపే పోవచ్చు. ఆమె ప్రాణానికి ఎంత ముప్పుందో అంచనా వెయ్యడానికి జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సు 1980ల్లోనే ఒక ప్రశ్నావళి తయారుచేశారు. గొంతు నులిమాడా అని అడుగుతుంది అది. గర్భంతో ఉన్నప్పుడు కొట్టాడా అనీ అడుగుతుంది. అలాంటి ప్రశ్నకి జవాబు అతనే నొక్కితే ఎలా?

నా కాన్పప్పుడు ట్యాబ్‌లు లేవు. బీపీ చూడ్డానికి చెయ్యి చాపితే మోచేతి పైన కమిలిపోయి ఉంది. నర్సు 'ఏమైంది?' అని అడిగింది, నా భర్తని. 'బాత్రూంలో జారిపడింది' అన్నాడు. 'జాగ్రత్తగా చూసుకోండి సార్' అంది. నేను అక్కడే ఉన్నాను. నా చెయ్యే అది.

తర్వాత ఒకసారి ధైర్యం చేసి ఒక డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ మంచిది, శ్రద్ధగా విన్నది, కౌన్సెలింగ్ ఇచ్చేవాళ్లకి రాసింది. సాయంత్రం మెసేజ్ వచ్చింది: 'మీరు కోరిన సహాయం గురించి మాట్లాడటానికి ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి.' వచ్చింది అతని ఫోన్‌కి. ఎందుకంటే రికార్డులో ఉన్నది అతని నంబరే. మొదటి రోజు ఫారం నింపింది అతనే కాబట్టి. ఆ రాత్రి గురించి రాయను.

అందుకే యాప్ తెచ్చాం, మెసేజ్‌లు పంపుతున్నాం అని ఎవరైనా గొప్పగా చెబితే నాకు గుండె దడ వస్తుంది. ఆ ఫోన్ ఎవరిది? పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? ఆ మెసేజ్ అతను చదివితే ఏమవుతుందని ఒక్కరైనా ఆలోచించారా? ఆమెని ముందే అడగొచ్చుగా, 'ఏ నంబర్‌కి చెయ్యమంటారమ్మా, ఏ టైంలో, అసలు చెయ్యొచ్చా?' అని. దీనికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు.

కౌంటర్లో అమ్మాయికి ఇదంతా చెప్పాను. 'ఫారం పూర్తవ్వకపోతే సిస్టమ్ ముందుకెళ్లదు మేడమ్' అంది. పాపం, ఆమెకి నేర్పింది అంతే.

వచ్చే చెకప్‌కి కూడా నేనే వెళ్తాను. ముందు చెల్లి రికార్డులో ఎవరి నంబర్ ఉందో చూడాలి.